ఘాట్ రోడ్డు పక్కన ఏముంది?

తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సులో సగంమంది కళ్లు మూసుకునే ఉంటారు. కొందరు గోవిందనామం తలుచుకుంటూ, కొందరు కడుపులో తిప్పుతోందని. కిటికీ పక్కన కదిలిపోయే రాతిగోడను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆ గోడలో ఒకచోట అడుగున గ్రానైటు, దాని మీద ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండూ కలిసేచోట బెత్తెడు సందైనా ఉండదు. కానీ కింది రాయికీ పై రాయికీ వయసులో కనీసం 50 కోట్ల ఏళ్ల తేడా. మధ్య కాలానికి అక్కడ గుర్తే మిగల్లేదు. గుడికి దగ్గర్లోని శిలాతోరణం కూడా క్వార్ట్‌జైటే. మెత్తని భాగాన్ని గాలీ నీరూ తినేయగా, 8 మీటర్ల వెడల్పున వంపు తిరిగి నిలిచింది.

2010లో ఈ కొండలతో కలిపి ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల్లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల మేర అడవిని శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇక్కడ మన్ను పలచన, ఎండ ఎక్కువ. ఇంకో చెట్టయితే బతకడమే గొప్ప అనుకునే ఇలాంటి రాతివాలుల్లోనే ఎర్రచందనం పెరుగుతుంది.

దాని బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. కాయ గుండ్రంగా, మధ్యలో ఉబ్బిన రూపాయి బిళ్లలా ఉంటుంది. పేరులో చందనం ఉందిగానీ మంచిగంధంలా గుబాళించదు. చేవ మాత్రం నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. చెట్టు నిదానంగా ఎదిగి ఆ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. నరకడానికి అంతసేపు అక్కర్లేదు. తిరుపతి చెక్కబొమ్మలు చెక్కింది దీంతోనే. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి అలలు తిరిగిన రేఖలున్న చెక్కకే గిరాకీ. దొంగల కన్ను పడిందీ అందుకే. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి.

చిరుతలు, కొండగొర్రెలు, చెట్ల కొమ్మల్లో రాత్రిళ్లు తిరిగే దేవాంగ పిల్లులూ ఈ అడవిలో ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. ఆ తర్వాతే నడిచి వెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా వెళ్లమన్నారు.

ఈ కొండలతో ముడిపడిన దొర ఒకాయన ఉన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉండే ఒక సైకస్ మొక్కకు శాస్త్రనామంలో ఆయన పేరే పెట్టారు. ఇందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. అడవి కాలి ఆకులన్నీ మసైనా, మొదలు బతికుంటే మళ్లీ చిగురేస్తుంది.

1870లో బంగారు బల్లిని శాస్త్రలోకానికి పరిచయం చేసిందీ ఆయనే. ఆ తర్వాత నూరేళ్లకు పైగా దాని జాడే లేదనుకున్నారు. 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. కంచికి వెళ్లి బంగారు బల్లిని తాకి వచ్చేవాళ్లు మన ఊళ్లలో ఎందరో. అసలు సిసలు బంగారు బల్లి మాత్రం ఇక్కడ నీడపట్టు బండల నెర్రెల్లో ఉంటుంది. జతకట్టే రోజుల్లో మగది పసుపు పూసుకున్నట్టు మెరుస్తుంది. ఆడవి చాలా కలిసి ఒకే బండకు గుడ్లు అతికిస్తాయి. పిల్లలు వెళ్లిపోయినా పెంకుల తెల్లటి మచ్చలు ఆ బండ మీదే ఉండిపోతాయి.