చంకన పిల్లి.. చక్రాల మీద ఇల్లు

కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అంటారు. మరి ఆ ఇల్లే ఊరేగింపుకు బయల్దేరితే? అమెరికా రహదారుల మీద మోటార్‌హోముల్లో తిరుగుతున్న మార్జాలాల ముచ్చట్లివి.

చంకన పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లడమంటే మన పెద్దవాళ్ల దృష్టిలో అంతకు మించిన తెలివితక్కువ పని లేదు. గడప దాటుతుంటే పిల్లి ఎదురొస్తేనే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే ఇళ్లు మనవి. అలాంటి ఇళ్లలో పుట్టి, ఇప్పుడు డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో స్థిరపడి, వేసవి సెలవులకు సామానంతా ఎక్కించాక ఆఖర్న పిల్లిబుట్టను అపురూపంగా పట్టుకొచ్చి ఎక్కించే తెలుగువాళ్లున్నారు. నేనూ ఆ బాపతే. మా ఇంటి నల్లపిల్లి పేరు మిరియం. అది లేకుండా మా బండి కదలదు. ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసి, “శకునం చూసుకుని బయల్దేరారా, శకునాన్నే వెంటేసుకుని బయల్దేరారా?” అంటుంది.

అమెరికాలో ఈ బండ్లను ఆర్వీలంటారు. బస్సంత పెద్దవి, వ్యాను సైజువి, డ్రైవరు నెత్తిన పడక ఉండేవి.. రకరకాలు. లోపల పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్, మంచాలు అన్నీ ఉంటాయి. 1910లోనే పియర్స్ యారో కంపెనీ ఇలాంటి కారొకటి తయారుచేసి న్యూయార్క్ ప్రదర్శనలో పెట్టింది. 1962లో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో మొదలైన కేవోఏ అనే సంస్థ ఆ తర్వాత దేశమంతటా క్యాంప్‌గ్రౌండ్లు పరిచింది. బండి ఆపుకోవడానికి చోటు, కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం అన్నీ అక్కడే దొరకడంతో కుటుంబాలకు కుటుంబాలు రోడ్డెక్కాయి. కుక్కలు మొదటి నుంచీ వెంట ఉన్నాయి. పిల్లుల్ని మాత్రం ‘అది రాదులే’ అని ఇంట్లోనే వదిలేసేవారు.

అలా అనుకోవడంలో తప్పేం లేదు. ఇల్లు మారిన నాడు సామాన్ల లారీ వెంట కుక్క పరిగెత్తుకుంటూ వస్తుంది, పిల్లి పాతింటి గోడ మీదే కూర్చుంటుంది. దాని లెక్కలో ఇల్లంటే ముందు వాసన. పిల్లి బుగ్గల దగ్గర, గడ్డం కింద, పాదాల్లో గ్రంథులుంటాయి. కుర్చీకోడుకో, తలుపు అంచుకో, మన పిక్కలకో ముఖం రాసుకున్నప్పుడల్లా అక్కడ తన సంతకం పెడుతుంది. రోజూ తిరిగి ఆ సంతకాలన్నీ సరిచూసుకుంటేనే దానికి నిశ్చింత. హోటల్ గదిలో దానిదంటూ ఒక్క సంతకమూ ఉండదు. పైగా ముక్కూ మొహం తెలియని కుక్కల, మనుషుల వాసనలు గుప్పుమంటాయి. అందుకే మంచం కింద దూరి, పిలిచినా రాదు.

మోటార్‌హోమ్‌లో సోఫా నిన్నటిదే, కిటికీ నిన్నటిదే, మూలన దాని మలమూత్రాలకు పెట్టిన లిట్టర్ బాక్స్ కూడా నిన్నటిదే. కిటికీ అవతల ఎడారి పోయి కొండలొచ్చినా ఇవతలి వాసన మారదు. అలాగని పిల్లి అసలు చోటే మారదని కాదు, పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. తల్లిపిల్లి కూనల్ని నోట కరుచుకుని చోటు మారుస్తూనే ఉంటుంది. కాకపోతే ఎప్పుడు, ఎక్కడికి అన్నది తన ఇష్టప్రకారం జరగాలి. మనం ఎంచుకున్న ప్రయాణానికి దాన్ని ఒప్పించాలంటే, దాని ఇంటిని కదపకుండా మన ఊరు మార్చుకోవాలి.

ఓడల మీద తిరిగినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టివచ్చి మ్యాపు గీసిన మాథ్యూ ఫ్లిండర్స్ వెంట ట్రిమ్ అనే పిల్లి ఉండేది. 1799లో, కేప్ ఆఫ్ గుడ్‌హోప్ నుంచి ఆస్ట్రేలియాకు వెళుతున్న రిలయన్స్ ఓడలోనే పుట్టింది. కూనగా ఉన్నప్పుడు సముద్రంలో పడితే, ఈదుకుంటూ వచ్చి తాడు పట్టుకుని పైకి పాకిందట. ఇన్వెస్టిగేటర్ ఓడలో ఖండాన్ని చుట్టింది. 1803లో అది ఎక్కిన మరో ఓడ పగడపు దిబ్బకు గుద్దుకుని పగిలిపోయినా బతికి బయటపడింది. ఆ తర్వాత ఫ్లిండర్స్‌ను ఫ్రెంచివాళ్లు మారిషస్‌లో నిర్బంధించారు. ట్రిమ్ అక్కడే మాయమైపోయింది. 1809లో, ఇంకా నిర్బంధంలో ఉండగానే, ఆయన దాన్ని తలుచుకుంటూ ఒక వ్యాసం రాసుకున్నాడు. ఓడ పగిలినా దక్కిన పిల్లి నేల మీద దిగాక పోయిందన్న మాట. మోటార్‌హోమ్‌లో పిల్లిని తిప్పేవాళ్లు ఈ కథను కాస్త గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు అసలు గండం రోడ్డు మీద కన్నా తలుపు దగ్గరే ఎక్కువ.

మీట నొక్కే ముందు

డ్యాష్‌బోర్డు మీద బాసింపట్టు వేసుకుని హైవేని పరికిస్తున్న పిల్లి ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ముచ్చటగానే ఉంటాయి. కానీ బండి నడుస్తుండగా అలా వదిలేయడం ఒట్టి తెలివితక్కువ పని అంటాను. బెదిరిన పిల్లి దూరడానికి ఎంచుకునే చీకటి మూలల్లో బ్రేక్ పెడల్ కింది జాగా ఒకటి. సడన్ బ్రేక్ వేస్తే నాలుగు కిలోల జీవం గాల్లోకి లేచి ఎవరి ముఖానికి తగులుతుందో చెప్పలేం. బండి కదులుతున్నంతసేపూ గట్టి బుట్టలో, ఆ బుట్ట సీటుబెల్టుకు కట్టి ఉండాల్సిందే. మొదట్లో కాసేపు గోల చేస్తుంది. రోజులో పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోయే జంతువు కాబట్టి, ఇంజన్ శబ్దానికి అలవాటుపడ్డాక ముడుచుకుని పడుకుంటుంది.

కొన్నింటికి కడుపులో తిప్పుతుంది, చొంగ కారుస్తాయి, వాంతి చేసుకుంటాయి. బయల్దేరే ముందు కొన్ని గంటలు తిండి పెట్టకపోతే కొంత నయం. మరీ బెదిరిపోయేవాటికి పశువైద్యులు గాబాపెంటిన్ ఇస్తుంటారు. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ ప్రీగాబలిన్ ద్రవాన్ని పిల్లుల ప్రయాణ భయానికీ, ఆసుపత్రి భయానికీ మందుగా ఆమోదించింది. డాక్టరు రాసిచ్చిన మందునైనా ముందు ఇంట్లో ఉండగా ఒకసారి వేసి చూడాలి. నడిరోడ్డు మీద కాదు ఆ పరీక్ష.

ఆర్వీల్లో స్లైడ్ అవుట్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. బండి ఆపి మీట నొక్కితే ఒక పక్క గోడ సోఫాతో సహా బయటికి జరిగి, ఇరుకు గది హాలంత అవుతుంది. మనకు అది వైభోగం. పిల్లికి మాత్రం గోడ జరిగినచోట కొత్తగా పుట్టిన సందు కనిపిస్తుంది. ఆ సందులో రోలర్లు, పళ్లచక్రాలు, వైర్లు. పిల్లి అందులో దూరి ఉండగా మళ్లీ మీట నొక్కితే ఏమవుతుందో రాయడం నాకిష్టం లేదు. ఆ మోటారుకు అడ్డొచ్చింది పిల్లో పరుపో తెలియదు. మా బండిలో దీనికో తంతు ఉంది. “మిరియం ఏదీ?” అని నేను అడగాలి. “నా ఒళ్లో” అని మా అమ్మాయి చెప్పాలి. నేను వెనక్కి తిరిగి కళ్లారా చూడాలి. అప్పుడే మీట మీద వేలు పడుతుంది. ‘ఇందాక మంచం మీద ఉంది’ అన్న జవాబు చెల్లదు. నల్లపిల్లి ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం. చీకటి సందులో టార్చి వేస్తే మొదట ఏమీ కనిపించదు, ఆ తర్వాత రెండు పసుపుపచ్చ చుక్కలు వెలుగుతాయి, అవి రెండూ మనల్నే చూస్తుంటాయి. వంటగట్టు కింద నీళ్ల గొట్టం పోయే కంతలు, మంచం కింది సామాన్ల అర, సోఫా వెనక.. ఒక్కోటీ వెతికి చెక్కముక్కలు కొట్టి మూసేయాల్సినవే.

లిట్టర్ బాక్స్ ఎక్కడ పెట్టాలన్నది ఈ బండ్లలో ఎప్పటికీ తెగని పంచాయితీ. చాలామంది స్నానాల గదిలోనే పెట్టి, తాము స్నానం చేసేటప్పుడు బయటికి తీస్తారు. గడ్డకట్టే రకం లిట్టర్‌లో బెంటనైట్ బంకమట్టి ఉంటుంది. నీళ్లు తగిలితే అది ఉబ్బుతుంది. సోమరితనానికి పోయి టాయిలెట్‌లో వేశారా, బండి కింది మురుగు ట్యాంకులో సిమెంటులా బిగుసుకుంటుంది. ఇంకో చిక్కూ ఉంది. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా పరాన్నజీవి నీటితో కలిసి సముద్రం చేరి నీటికుక్కల ప్రాణం తీస్తోందని తేలాక, టాయిలెట్‌లో వేయవద్దన్న హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండాలని కాలిఫోర్నియా 2006లో చట్టం చేసింది. కాబట్టి సంచిలో కట్టి చెత్తడబ్బాలో వేయడమే మార్గం.

ఏసీ ఆగిపోతే

బయట 21 డిగ్రీలున్న హాయైన రోజున కూడా మూసిన కారులో పది నిమిషాల్లో 32, అరగంటలో 40 డిగ్రీలకు చేరుతుందని అమెరికా పశువైద్యుల సంఘం లెక్క. మోటార్‌హోమ్ పెద్దది కాబట్టి కొంచెం నెమ్మదిగా వేడెక్కుతుందేమో గానీ, ముందున్న అద్దం కారుకన్నా ఎన్నో రెట్లు పెద్దది. అరిజోనా ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. ఏసీ వేసి పిల్లిని వదిలి వెళ్లామనే ధీమా కరెంటు ఉన్నంతసేపే. మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి బండీ ఏసీ వేస్తుంది, వోల్టేజీ పడిపోతుంది, బ్రేకర్ ట్రిప్ అవుతుంది. పిల్లికి చెమట పట్టేది అరికాళ్లలోనే. అది కుక్కలా నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ప్రమాదం ముదిరినట్టు. అందుకే అనుభవజ్ఞులు సిమ్‌కార్డుతో పనిచేసే ఉష్ణోగ్రత పరికరం లోపల పెట్టుకుంటారు. వేడి పెరిగినా, కరెంటు పోయినా ఫోన్‌కు కబురొస్తుంది. కబురు అందుకుని పరిగెత్తుకు రాగలిగినంత దూరంలోనే తిరగాలి మరి. సెల్ సిగ్నల్ లేని లోయలో నాలుగు గంటల ట్రెక్కింగ్ ఆ రోజుకు వదులుకోవాల్సిందే. పిల్లితో వెళ్లేవాళ్ల యాత్ర నిదానంగా సాగడానికి ఇదొక కారణం. నాకైతే అది నచ్చింది కూడా.

జాతీయ పార్కుల్లో సాకుడు జంతువుకు కట్టే తాడు ఆరడుగులు మించకూడదు. ఎల్లోస్టోన్‌లో రోడ్లు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్లకు వంద అడుగుల లోపే వాటిని తిప్పాలి. వేడినీటి బుగ్గల చుట్టూ వేసిన చెక్క దారుల మీదికి రానివ్వరు. గ్రాండ్ కేన్యన్‌లో లోయలోకి దిగే దారుల్లోనూ అంతే. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో గుడ్డ గోడల బండ్లకు ప్రవేశమే లేదు, అది గ్రిజ్లీ ఎలుగుబంట్ల ఇలాకా. పిల్లి తిన్న గిన్నె, తాగిన నీళ్ల పళ్లెం కూడా బయట ఉంచకూడదు. ఆస్ట్రేలియాలో ఇంకా గట్టిగా ఉంటారు, జాతీయ పార్కుల్లోకి చాలాచోట్ల పిల్లుల్ని అసలే రానివ్వరు. అయినా ఆ దేశంలోనే రిచ్ ఈస్ట్ అనే ఆయన ఉద్యోగం మానేసి, విల్లో అనే పిల్లితో వ్యానులో దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నాడు. అక్కడి పక్షులూ చిన్న జంతువులూ పిల్లుల వల్ల పడుతున్న పాట్లు తెలిస్తే ఆ కట్టుబాట్లు అన్యాయమనిపించవు.

పిల్లిని ‘వాకింగ్’కు తీసుకెళ్లడమనే మాటకు పెద్ద అర్థం లేదు. జాకెట్‌లాంటి పట్టీ తొడిగి, తాడు కట్టి దింపితే మెట్టు దగ్గరే కూర్చుంటుంది. ఒక ఆకును వాసన చూస్తుంది. కాసేపయ్యాక ఇంకో ఆకు. తాడు పట్టుకుని పక్కన నిలబడటమే మన వ్యాయామం. ఆ పట్టీ మెడకు మాత్రమే ఉంటే వెనక్కి నడిచి సునాయాసంగా జారిపోతుంది. ఛాతీ చుట్టూ బిగిసేది కావాలి. దాన్ని ఇంట్లో కొన్ని వారాలు అలవాటు చేశాకే బయట తొడగాలి. అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో సందెవేళ నక్కల్లాంటి కొయొటీలు తిరుగుతాయి, రాత్రి పెద్ద గుడ్లగూబలు కాపు కాస్తాయి. కంటికి కనిపించని శత్రువులూ ఉన్నాయి. ఇంజన్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ ఒక చెంచాడు లోపలికి పోయినా పిల్లి ప్రాణానికి ముప్పే. పేలకు, పిడుదులకు కుక్కల వీపు మీద వేసే పర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. పక్క బండిలో కుక్క ఉన్నవాళ్లు చనువుగా ఇచ్చినా తీసుకోకూడదు.

ఇన్ని జాగ్రత్తల మధ్యా ఒక రోజు తలుపు ఓరగా ఉండిపోతుంది. పిల్లి జారుకుంటుంది. మనం కాలుగాలిన పిల్లిలా క్యాంప్‌గ్రౌండంతా పేరు పెట్టి అరుస్తూ తిరుగుతాం. అదేమో దగ్గర్లోనే, ఏ బండి కిందో పొదలోనో బిక్కచచ్చి, కిక్కురుమనకుండా నక్కి ఉంటుంది. తప్పిపోయిన పిల్లుల్లో చాలావరకు 500 మీటర్ల లోపే దొరుకుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. అందులోనూ ఇల్లు దాటి ఎరగనివి మరీ దగ్గరగా ఉంటాయి. జనం సద్దుమణిగాక, రాత్రిపూట, నేలకు దగ్గరగా వంగి టార్చి వేస్తూ వెతకాలి. బండిని అక్కడి నుంచి కదపకూడదు. దాని ఇల్లు అదే కదా, కదిలిపోతే ఎక్కడికి తిరిగొస్తుంది? మర్నాడు ఖాళీ చేయాల్సి ఉన్నా ఆఫీసుకెళ్లి సంగతి చెప్పి, గడువు పొడిగించమని బతిమాలుకోవాల్సిందే. చర్మం కింద మైక్రోచిప్, దానికి జతచేసిన ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అన్నవి బయల్దేరక ముందే చూసుకోవాలి. కెనడా సరిహద్దు దాటేవాళ్లకు రేబిస్ టీకా పత్రం ఎలాగూ కావాలి.

మన దగ్గర సంగతేమిటంటారా? కేరళ 2021లోనే కారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది. కారవాన్ అనగానే షూటింగుల్లో హీరోలు సేదతీరే బస్సే గుర్తొచ్చే మనకు కూడా, టెంపో ట్రావెలర్‌ను ఇల్లులా మార్పించుకుని అరకు, లంబసింగి వైపు వెళ్లాలన్న సరదా పుడుతోంది. పిల్లితో వెళ్లాలంటే ఇక్కడి భయాలు వేరు. కొయొటీలుండవు గానీ, టీ కొట్టు దగ్గర బండి ఆపగానే నాలుగు వీధికుక్కలు చుట్టుముడతాయి. తాడు కట్టిన పిల్లి చెట్టెక్కి తప్పించుకోవడానికీ వీలుండదు. అందుకే ఇక్కడ పిల్లిని దించే ఆలోచన మానుకుని, కిటికీకి గట్టి జాలీ వేయించి చూపించాల్సినవన్నీ లోపల్నుంచే చూపించడం మేలు. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అడవి గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు. గేటు దగ్గర తెల్లారేదాకా ఆగాల్సొస్తే ఏసీ ఎలా నడుస్తుందో ముందే లెక్కేసుకోవాలి.

వారం రోజుల కోసం మోటార్‌హోమ్ అద్దెకు తీసుకునేవాళ్లకు మాత్రం పిల్లిని తీసుకెళ్లమని నేను చెప్పను. ఆ సోఫా మీద దాని సంతకం ఒక్కటీ ఉండదు, ముందు ఎక్కిన వాళ్ల కుక్క వాసన ఉంటుంది. పిల్లి అలవాటుపడేలోపు బండి అప్పగించే రోజు వస్తుంది, పైన బొచ్చు దులిపినందుకు శుభ్రత రుసుమొకటి. దాని బదులు పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి, రోజూ రెండు పూటలా వచ్చి గిన్నె నింపి లిట్టర్ ఎత్తిపెట్టమని అడగండి. తిరిగొచ్చేటప్పుడు వాళ్లకు ఏదైనా తెచ్చిపెట్టండి. సొంత బండి ఉన్నవాళ్లయితే మొదటి రాత్రి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇంటి ముందే నిలిపి, పిల్లితో పాటు అందులోనే పడుకుని చూడండి.