టికెట్ ఎవలికియ్యాల్నో ఓటరే జెప్తే?

మన దగ్గర ఎలచ్చన్లంటే ముందుగాల టికెట్ లొల్లి. బీ-ఫారం ఎవలి చేతికొస్తదో పార్టీ పెద్దలు తేలుస్తరు. జెండా మోసినోన్ని అడిగేటోడే ఉండడు. అమెరికల ఆ పని ఓటర్లు జేస్తరు. దాన్నే ప్రైమరీ అంటరు.

అక్కడ గూడ మొదటిసంది గిట్ల లేకుండె. 1968ల వియత్నాం యుద్ధం మీద జనం మండుతుంటే, ప్రైమరీలల్ల బరిలకే దిగని హ్యూబర్ట్ హంఫ్రీకి డెమోక్రాటిక్ పార్టీ టికెటిచ్చింది. చికాగోల సభ బయట నిరసన జేసినోళ్లను పోలీసులు లాఠీలతోని కొట్టిన్రు. ఆ లొల్లి తర్వాతనే రూల్స్ మారినయి. 1972 నుంచి శానా మటుకు ప్రైమరీలల్లనే టికెట్ తేలుతున్నది.

మరి ఇద్దరిదీ ఒకటే పార్టీ, ఒకటే జెండా అయితే ఎవలికెయ్యాలె? 2008ల ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీ జూస్తే సమజైతది. నేనైతే మూడు సంగతులు జూడాలంట.

ఒకటి, ఎనుకట ఏం జేసిన్రు? 2002ల ఇరాక్ యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానానికి సెనేట్ల హిల్లరీ ఓటేసింది. ఒబామా అదే ఏడు ఆ యుద్ధం వద్దని సభల మాట్లాడిండు. గని అప్పుడాయన రాష్ట్ర సెనేటర్, దాని మీద ఓటేసే కుర్సీల లేడు. గది గూడ లెక్కల పెట్టుకోవాలె.

రెండు, రేపేం జేస్తమంటున్నరు? ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి చెయ్యాలని హిల్లరీ అన్నది. పిల్లలకైతే చాలని ఒబామా అన్నడు. తీరా 2010ల ఒబామా సంతకం పెట్టిన చట్టంల పెద్దోళ్లకు గూడ తప్పనిసరి అని పెట్టిన్రు. ఓడినామె మాటనే చట్టమైంది. అంటే మనం ఏసే ఓటు మనిషికే కాదు, ముచ్చటకు గూడ.

మూడు, గెలుస్తరా? ఈ సవాలు ఆఖర్న అడగాలె. నల్లాయనకు తెల్లోళ్లు ఓటెయ్యరని శానామంది అనుకున్నరు. తెల్లోళ్లే ఎక్కువున్న అయోవాల జనవరి 3న ఒబామా మొదటొచ్చిండు, హిల్లరీ మూడో స్థానంల నిలిచింది. అక్కడ డెమోక్రాట్లు చీటీ వెయ్యకుంట, నచ్చినోళ్ల దిక్కు పోయి నిలబడి లెక్కబెట్టిచ్చుకున్నరు. నవంబర్ నాటికి 18 నిండేటోళ్లయితే 17 ఏండ్లకే పాల్గొన్నరు. ‘గెలుపు గుర్రం’ అని ముందే రాసిపెట్టుకుంటే గిది జరిగేదా?

జూన్ల హిల్లరీ తప్పుకొని ఒబామాకు మద్దతిచ్చింది. తర్వాత ఆయన సర్కార్లనే విదేశాంగ మంత్రయింది.

ప్రైమరీలల్ల పైసలు ఆడవా అంటే, ఆడతయి. టీవీ ప్రకటనలకే కోట్లు పోస్తరు. అయినా ఆఖరి మాట ఓటరుది.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ! ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎలచ్చన్లు పార్టీ గుర్తుల మీదనే అయితయి. సభ్యత్వ రసీదు జేబుల ఉన్నోళ్లు మండల మీటింగ్ల ఒక్క మాట అడగున్రి: ‘టికెట్ ఇచ్చే ముందు మాతోని ఓటేపిస్తరా?’ ఒద్దంటే ఎందుకొద్దో అందరి ముంగట జెప్పమనున్రి.