సముద్రం ఎవరిది?

గత సంవత్సరం మద్రసాలో వేటకు సంబంధించిన ధర్మాదేశాల పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. తీరప్రాంతం నుంచి వచ్చినవాడు. తండ్రి చేపల రేవులో ఐసు మోసే కూలీ. సముద్రంలోని చేప ఎవరి సొత్తూ కాదు, పట్టినప్పుడే అది పట్టినవాని సొంతమవుతుంది అని నేను చెబుతున్నాను. ఫిఖ్ గ్రంథాలు ‘ముబాహ్’ అనే మాటతో చెప్పేది దీనినే. ఆ అబ్బాయి అడిగాడు: “ఉస్తాద్! అలాగైతే ముందు పోయినవాడిదే కదా సముద్రం? పెద్ద బోటు ఉన్నవాడే ఎప్పుడూ ముందు పోతాడు.”

నేను ‘హిమా’ గురించి చెప్పాను. దైవప్రవక్త (సఅసం) మదీనా సమీపాన నఖీ అనే పచ్చిక బయలును ప్రజాప్రయోజనం కోసం ప్రత్యేకించి, అక్కడ ఇష్టారాజ్యపు మేపును నిషేధించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇటువంటి బయళ్లు మరికొన్ని ఏర్పడ్డాయి. నాలుగు మేకలున్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమని, మందలకొద్దీ పశువులున్న సంపన్నులను, వారు ఎంత గొప్ప సహాబాలైనా సరే, దూరంగా ఉంచమని ఆయన కాపలాదారుకు ఆదేశమిచ్చారు. విద్యార్థి శ్రద్ధగా విని, “గడ్డి ఉన్నచోటే ఉంటుంది ఉస్తాద్, చేప ఉండదు కదా” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. తరువాత కొన్నాళ్లు ఈ విషయమే చదివాను.

ఇండోనేషియాలో సుమత్రా దీవి ఉత్తరపు కొసన ఆచే రాష్ట్రం ఉంది. అక్కడి జాలరుల్లో ‘పంగ్లిమా లావోత్’ అనే పదవి శతాబ్దాలుగా కొనసాగుతోంది. సముద్రానికి సేనాని అని ఆ మాటకు అర్థం. పదిహేడవ శతాబ్దపు సుల్తాన్ ఇస్కందర్ ముదా కాలం నాటికే ఈ వ్యవస్థ వేళ్లూనుకొని ఉందని చెబుతారు. ఒక్కొక్క రేవుకు అక్కడి జాలరులే ఒక పెద్దను ఎన్నుకుంటారు. శుక్రవారం పడవలు కదలరాదు. రెండు పండుగలకూ మూడేసి రోజులు వేట ఉండదు. 2004 సునామీ తరువాత డిసెంబరు 26 కూడా ఈ జాబితాలో చేరింది. బాంబులు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం నిషిద్ధం. నియమం తప్పినవాని చేపలు స్వాధీనమవుతాయి, అతని పడవ మూడు నుంచి ఏడు రోజులు ఒడ్డునే ఉండాలి. సముద్రంలో ఎవరి పడవ ఆపదలో పడినా మిగిలినవారు వేట మాని సహాయానికి పోవాలన్నది కూడా ఆ కట్టుబాట్లలో ఒకటి. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

ఇది ఆచారం మాత్రమేనా, దీనివల్ల ప్రయోజనం ఏమైనా ఉన్నదా అన్న సందేహం సహజం. సునామీ వచ్చిన వంద రోజుల లోపే శాస్త్రజ్ఞులు ఆచే తీరంలో పగడపు దిబ్బలను పరిశీలించారు. అంత పెద్ద అల దిబ్బలకు చేసిన నష్టం వారు ఊహించినంత లేదు. ఎక్కువ పాడైన చోట్లలో చాలావరకు అంతకు ముందే బాంబులతో, విషంతో మనుషులు పాడుచేసినవే. వే దీవి వద్ద పంగ్లిమా లావోత్ కట్టుబాట్లు నడిచిన చోట పగడాలు మెరుగ్గా ఉన్నాయి. లక్షన్నరకు పైగా మనుషులను బలిగొన్న అల కన్నా మనిషి చేతులే దిబ్బలకు ఎక్కువ కీడు చేశాయి.

చేప ఉన్నచోట ఉండదన్న మాటకు సమాధానం టర్కీలో దొరికింది. దక్షిణ తీరాన అలన్యా అనే పట్టణం ఉంది. మంచి చోటు కోసం అక్కడి జాలరులు పడవల మీదే కొట్టుకునేవారు. 1970ల తొలినాళ్లలో ఒక ఏర్పాటు చేసుకోసాగారు. వల వేయదగిన చోట్లన్నిటికీ పేర్లు పెట్టి, ఒకరి వల మరొకరి చేపను అడ్డుకోనంత ఎడం ఉంచారు. ఏటా సెప్టెంబరులో చీట్లు తీస్తారు. ఆ రోజు నుంచి జనవరి వరకు ప్రతివాడూ రోజుకొక చోటు చొప్పున తూర్పుకు జరుగుతాడు, జనవరి నుంచి మే వరకు పడమరకు జరుగుతాడు. తీరం వెంట చేపలు అటూ ఇటూ తరలే తీరును బట్టి చేసిన లెక్క ఇది. మంచి చోటు అందరికీ వంతుల వారీగా దక్కుతుంది. మంచి చోటు వంతు వచ్చినవాడు తెల్లవారకముందే అక్కడ ఉంటాడు, కనుక వేరే కాపలా అక్కర లేదు. ఉమ్మడి వనరులపై ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంలో ఈ ఉదాహరణ ఉంది. 2009లో ఆమె అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు.

చేప కదిలేదే, కాని పెరగడానికి దానికి సమయం కావాలి. చాలా జాతుల్లో తల్లి చేప ఎంత పెద్దదైతే గుడ్లు అంతకు మించిన పాళ్లలో పెరుగుతాయి. సన్నకన్ను వలతో పిల్లలను ఊడ్చేసినా, గుడ్లు పెట్టే వేళ తల్లులను పట్టేసినా, విత్తనాల గింజలు కూడా దంచుకు తిన్న రైతు గతే పడుతుంది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్ల వేటకు సెలవు. మంచి నియమమే. అయితే అన్ని చేపలూ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవు. పులస సంగతే చూడండి. సముద్రంలోని ఈ చేప గోదావరికి వరద నీరు వచ్చాక, గుడ్లు పెట్టడానికే ఏటికి ఎదురెక్కుతుంది. అప్పటికి వేట సెలవు ముగిసిపోయి ఉంటుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే మాట విని మనం నవ్వుకుంటాం, కాని ఆ ప్రయాణంలో వలలో పడేది గుడ్లతో నిండిన తల్లి. ఒక చేపకు వేల రూపాయలు పలుకుతుంటే ఎవరు వదులుతారు? ఆచేలో అయితే రేవు పెద్ద పిలిచి అడిగేవాడు.

ఇవన్నీ ఈ ఏడు ఆ విద్యార్థికి వివరించాను. చీట్ల ఏర్పాటు అతనికి బాగా నచ్చింది. వేట సెలవు గురించి మాత్రం కొంతసేపు మౌనంగా ఉండి, పడవ మీద వెళ్లేవారికి ప్రభుత్వం భృతి ఇస్తుందని, ఐసు మోసేవారికి, చేపలు ఎండబెట్టి అమ్మే ఆడవారికి ఆ భృతి రాదని చెప్పాడు. ఆ రెండు నెలలూ తన తండ్రి ఇటుక బట్టీకి పోతాడట. జూన్ 15 ఎప్పుడు వస్తుందా అని ఇంట్లో తేదీలు లెక్కపెట్టుకుంటారట.