మోకాలికి చేటులేని ముందడుగు వ్యాయామము

గుంజీలు తీయునపుడు శరీరభారమును రెండు కాళ్లును సమానముగా మోయును. ఒక కాలు ముందుకు వేసి, రెండు మోకాళ్లును వంచి దిగి లేచు వ్యాయామములో భారమున ఎక్కువ పాలు ముందరి కాలిమీద పడును. పరికరములు అక్కరలేని ఈ వ్యాయామము తొడలకును పిరుదులకును బలమిచ్చును. తీరు తప్పినచో మోకాలికి చేటు తెచ్చును.

మొదట పాదములను తుంటి వెడల్పున ఎడముగా ఉంచి నిలువవలెను. ఒక కాలిని ఆ ఎడము తగ్గకుండ నేరుగా ముందుకు వేయవలెను. మొండెమును నిటారుగా నిలిపి, మోకాళ్లు సుమారు 90 డిగ్రీలు వంగువరకు మెల్లగా దిగవలెను. వెనుక మోకాలు నేలకు తాకకమునుపే ఆగి, ముందరి పాదముతో నేలను నొక్కి లేవవలెను.

ఎడము ఎందుకు? పాదములు ఒకే గీతమీద ఉన్నచో ఆధారతలము మిక్కిలి ఇరుకగును. గరిమనాభినుండి దిగు లంబరేఖ ఆ తలము దాటగనే మనిషి ప్రక్కకు తూలును.

ముందరి మోకాలు కాలివ్రేళ్లను దాటరాదని పలువురు చెప్పుదురు. ఇందు కొంత నిజము కలదు. మోకాలు ముందుకు పోయినకొలది భారము పనిచేయు రేఖకును కీలునకును నడుమ దూరము పెరుగును. తులాదండ న్యాయమున తొడ ముందరి కండరము అంత గట్టిగా లాగవలసివచ్చును. మోకాటిచిప్పపై ఒత్తిడి హెచ్చును. అట్లని మోకాలిని బలవంతముగా ఆపి, నడుము వంచినచో ఆ శ్రమ తుంటికిని నడుమునకును మారును. ఆరోగ్యవంతునకు మోకాలు కొద్దిగా దాటుటవలన కీడు లేదు; అది లోపలికి వాలకుండుటయే ముఖ్యము.

క్రొత్తవారు గోడను చేతితో ఆనుకొని సగము లోతువరకే దిగవలెను. నొప్పి కలిగినచో వెంటనే ఆపవలెను.