పోచారం అభయారణ్యంలో కాలినడక: కుంటల నీటికి తొలి హక్కు వన్యప్రాణులదే

మెదక్: మెదక్ పట్టణం పేరు వినగానే 1924లో ప్రతిష్ఠించిన కెథడ్రల్ చర్చి, గుట్టపై వెలసిన ఖిల్లా సందర్శకుల మదిలో మెదులుతాయి. పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎల్లారెడ్డి మార్గంలో గల పోచారం వన్యప్రాణి అభయారణ్యం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. సందడి లేని అడవి బాటలో, చిన్న చిన్న కుంటల పక్కగా నడవగోరే వారికి ఇది అనువైన ప్రదేశం. అయితే ఆ నడక అడవికి భారం కాకుండా చూడవలసిన బాధ్యత నడిచేవారిదే.

నిజాం పాలకుల వేటస్థలంగా ఉండిన ఈ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతం నేడు మెదక్, కామారెడ్డి జిల్లాలలో విస్తరించి ఉంది. మంజీర ఉపనది అయిన ఆలేరుపై 1922లో పూర్తయిన పోచారం జలాశయం పేరే అభయారణ్యానికి వచ్చింది. 2025 ఆగస్టు నెలాఖరులో కురిసిన కుంభవృష్టికి ఈ జలాశయానికి భారీ వరద పోటెత్తినప్పటికీ, శతాబ్దం దాటిన ఆనకట్ట తట్టుకొని నిలిచింది. శీతాకాలంలో బాపన బాతులు, హిమాలయాలను దాటి వచ్చే పెద్దబాతులు ఇక్కడ విడిది చేస్తాయి.

కుంటలే ప్రాణాధారం

టేకు, మోదుగ, తునికి వంటి చెట్లతో కూడిన ఈ ఆకురాల్చు అడవిలో వానాకాలపు నీరు పల్లాలలో చేరి కుంటలుగా నిలుస్తుంది. వేసవి ముదిరేకొద్దీ చిన్న కుంటలు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. మిగిలిన కొద్దిపాటి నీటి చుట్టూ జంతువులన్నీ చేరతాయి. బుర్ర జింక నీరు లేకుండా చాలాకాలం ఓర్చుకోగలదు. మనుబోతు కొన్ని దినములు తాళగలదు. చుక్కల దుప్పికి మాత్రం దాదాపు ప్రతిదినం నీరు కావాలి. గట్టున గంటసేపు విడిది చేసిన ఒక్క సందర్శక బృందం వలన దుప్పుల మంద ఆ పూట దప్పికతోనే మరలిపోయే ప్రమాదం ఉంది.

అందువలన కుంట వద్ద పది పదిహేను నిమిషములకు మించి నిలువరాదు. గాలి నీటివైపు నుండి తమవైపు వీచే చోట, చెట్టు చాటున నిలబడితే మనిషి వాసన జంతువులకు సోకదు. జంతువు కంటపడకపోయినా బురదలోని అడుగుజాడలు ఎంతో చెబుతాయి. చిరుతపులి జాడలో గోళ్ల గుర్తులు కనిపించవు, దుమ్ములగొండి జాడలో కనిపిస్తాయి. ఎలుగుబంటి వెనుక పాదం ముద్ర మనిషి పాదాన్ని పోలి, ముందు గోళ్ల గీతలతో ఉంటుంది.

నడకకు వేళ, తీరు

చూపు అంతంత మాత్రమే అయిన ఎలుగుబంటి, మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి దాడి చేస్తుంది. కనుక తెల్లవారక ముందు, చీకటి పడిన పిదప నడక పనికిరాదు. అటవీ సిబ్బంది తోడు లేకుండా లోనికి వెళ్లరాదు. కుంట దగ్గర నిశ్శబ్దం ఎంత అవసరమో, పొదలు దట్టంగా గల మలుపుల వద్ద మెల్లగా మాట్లాడుతూ, కర్రతో నేలను తడుతూ సాగడం అంతే అవసరం. వెళ్లిన దారిన కాక మరొక బాటన చుట్టి రాదలచినవారు, ఆ బాటను సిబ్బందితో ముందే నిర్ణయించుకోవాలి.

చట్టంలోని నిబంధనలు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్ల ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి అవసరం. పర్యటన, ఛాయాచిత్రణ, అధ్యయనం వంటి ప్రయోజనాలకు అనుమతి ఇవ్వవచ్చు. 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని, ఆరని నిప్పును వదలి వెళ్లడాన్ని నిషేధిస్తుంది. ఆకు రాలిన వేసవిలో ఆర్పని ఒక్క బీడీ ముక్క చాలు, అడవి అంటుకోవడానికి. అభయారణ్యంలోనికి వచ్చే నీటిని, బయటకు పోయే నీటిని అనుమతి లేనిదే మళ్లించరాదని, అడ్డుకట్ట వేయరాదని 29వ సెక్షన్ నిర్దేశిస్తుంది. అడవి అంచున రహదారులు, కాలువలు, చెరువుల పనులు చేపట్టే శాఖల అధికారులు ఈ నిబంధనను ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. పైనున్న వాగు దారి మళ్లితే దిగువ కుంట నిండదు.

పాత్రికేయులకూ ఇందులో పాత్ర ఉంది. చిరుతపులి లేక దుప్పుల మంద అడవి లోపల ఫలానా కుంట వద్ద కనిపించిందన్న వార్తలో ఖచ్చితమైన స్థలం పేరు వస్తే, అది వేటగాళ్లకు దారి చూపినట్లవుతుంది. గ్రామాల చెంత చిరుత సంచారం గురించి ప్రజలను అప్రమత్తం చేయడం వేరు, అడవి లోపలి నీటి స్థావరాన్ని వెల్లడించడం వేరు.

కుంట నీటికి వచ్చే ప్రాణికి మరొక ఆధారం లేదు. నడవడానికి వచ్చిన మనిషి సీసా నీటితో దాహం తీర్చుకొని, ఆ ఖాళీ సీసాను తన వెంటే తిరిగి తీసుకుపోతే, ఆ పూట కుంట దానిని నమ్ముకున్న వాటికే మిగులుతుంది.