కరాచీ రేవు తగలబడలేదు

2025 మే 8 రాత్రి మన దేశంలో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు కరాచీ రేవు మంటల్లో కనిపించింది. మన విమానవాహక నౌక విక్రాంత్ నుంచి క్షిపణులు దూసుకెళ్లాయన్నారు. ఇస్లామాబాద్ మన చేతికొచ్చిందన్నారు. పాక్ సైన్యాధిపతి ఆసిమ్ మునీర్‌ను అరెస్టు చేశారన్నారు. తెల్లవారింది. వీటిలో ఒక్కటీ జరగలేదు.

ఒక పెద్ద హిందీ ఛానల్ తప్పు జరిగిందని క్షమాపణ చెప్పింది. చాలా ఛానళ్లు ఆ మాత్రం కూడా చేయలేదు. అందుకే ఆ రోజుల్లో పాకిస్తాన్ మీద మన సైన్యం జరిపిన ఆపరేషన్ సిందూర్ ప్రస్తావన వస్తే చాలు, చదువుకున్నవాళ్లు కూడా ‘కరాచీని మనవాళ్లు కొట్టారు, ప్రభుత్వమే బయటకు చెప్పలేదు’ అని వాదిస్తున్నారు. ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

అపోహ: కరాచీ రేవును మన నౌకాదళం ధ్వంసం చేసింది, ఆ విషయం దాచిపెట్టారు.

వాస్తవం: మే 11న త్రివిధ దళాల అధికారులు ఢిల్లీలో విలేకరుల ముందుకు వచ్చారు. నౌకాదళం తరఫున వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్ మాట్లాడారు. మన నౌకలు ఉత్తర అరేబియా సముద్రంలో మోహరించాయనీ, కరాచీ సహా సముద్రం మీదా నేల మీదా ఎంచుకున్న లక్ష్యాలను తాము అనుకున్న సమయంలో కొట్టడానికి సిద్ధంగా ఉన్నాయనీ చెప్పారు. కొట్టామని చెప్పలేదు. కొట్టి ఉంటే చెప్పుకోకుండా ఉండటానికి కారణం ఏముంది? 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద జరిపిన దాడికి గుర్తుగానే కదా ఏటా నేవీ డే జరుపుకుంటున్నాం!

పోనీ దాచారనే అనుకుందాం. రెండు కోట్ల మంది బతికే ఊళ్లో రేవు తగలబడితే ఎవరు దాచగలరు? అక్కడికి వచ్చిపోయే వాణిజ్య నౌకల కదలికలు ప్రపంచంలో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఉపగ్రహ చిత్రాలు డబ్బు పెడితే దొరుకుతాయి. మరి ఆ మంటలు ఎక్కడివి? బాగా తిరిగిన వీడియోల్లో ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియాది. 2025 జనవరి 31న అక్కడ ఒక ఎయిర్ అంబులెన్స్ కూలినప్పటిది. అవతలి నుంచి కూడా ఈ పుకారుకు ఆజ్యం పడింది. నష్టం జరిగిందంటూ కరాచీ పోర్ట్ ట్రస్ట్ ఎక్స్ ఖాతాలో ఒక పోస్టు వచ్చింది. ఖాతా హ్యాక్ అయిందని తర్వాత చెప్పారు. ఆ ‘తర్వాత’ వచ్చేదాకా ఆగే ఓపిక ఏ స్టూడియోలోనూ లేకపోయింది.

అపోహ: యుద్ధంలో అబద్ధం కూడా ఆయుధమే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. దానికి సాక్ష్యం మన విశాఖపట్నమే. 1971లో అప్పటి విక్రాంత్‌ను వేటాడటానికి పాక్ జలాంతర్గామి ఘాజీ బయల్దేరింది. మన నౌకాదళం విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత నౌకను విక్రాంత్‌లా నటింపజేసింది. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని నమ్మేలా వైర్‌లెస్ సందేశాలు పంపించింది. ఘాజీ నమ్మి వచ్చింది, విశాఖ తీరంలోనే మునిగిపోయింది.

అయితే అక్కడ మోసపోయింది శత్రువు. మోసం పన్నింది నౌకాదళం. 2025లో ఏం జరిగింది? కరాచీలో ఉన్నవాడు కిటికీ తీసి చూస్తే రేవు ఎక్కడున్నది అక్కడే ఉంది. రావల్పిండిలోని సైనికాధికారికి తన సేనాధిపతి ఎక్కడున్నాడో తెలుసు. ఆ రాత్రి వార్తలకు మోసపోగలిగినవాళ్లు ఒక్క మనమే. సొంత ప్రజలను మోసం చేసి దాన్ని యుద్ధవ్యూహం అనడం అన్యాయం.

ఈ అన్యాయం ఖరీదు ఎవరు కట్టారో చూడండి. మే 7న పాక్ ఫిరంగి దాడుల్లో పూంచ్‌లో ఒక మదరసా ఉపాధ్యాయుడు చనిపోయారు. మన పౌరుడు, శత్రువు గుండుకు బలైనవాడు. కొన్ని ఛానళ్లు ఆయన్ను ఉగ్రవాది అన్నాయి. అది అబద్ధమని పూంచ్ పోలీసులు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి ఇంతకంటే పెద్ద గాయం ఉంటుందా?

మే 10న కాల్పుల విరమణ ప్రకటన వచ్చింది. ఇస్లామాబాద్ పడిపోయిందని నమ్మినవాళ్లకు అది ద్రోహంలా తోచింది. ఆ కోపమంతా దాన్ని ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ మీద పడింది. ఆయన కూతురినీ వదల్లేదు. ఆయన తన ఎక్స్ ఖాతాను లాక్ చేసుకున్నారు. గెలుపును ముందే చూపించేసిన తెర, శాంతిని ఓటమిగా మార్చేస్తుంది. యుద్ధం కోసం చెప్పే అబద్ధంతో వచ్చే అసలు ప్రమాదం ఇదే. ఆగడం రాజనీతిగా కాక పిరికితనంగా కనిపిస్తుంది.

మన హైదరాబాద్‌లోనూ ఆ రోజుల్లోనే, పేరులో కరాచీ ఉందని కరాచీ బేకరీ శాఖ మీద దాడి జరిగింది. దేశవిభజనలో కరాచీ వదిలి వచ్చిన సింధీ హిందూ కుటుంబం 1953లో పెట్టుకున్న దుకాణం అది.

మిగతా అపోహలకు పెద్దగా చోటు అక్కర్లేదు.

‘వీడియో ఉంది కదా’: ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు కూడా ఆ వారంలో యుద్ధ దృశ్యాలుగా తిరిగాయి.

‘అబద్ధాలాడేది పాకిస్తాన్ మాత్రమే’: వాళ్లూ ఆడారు. బ్రిటన్ పత్రిక టెలిగ్రాఫ్ తమ వైమానిక దళాన్ని పొగిడిందంటూ వాళ్ల ఉప ప్రధాని ఇషాక్ దార్ సెనేట్‌లో చెప్పారు. అది నకిలీ పేజీ అని తేల్చింది పాకిస్తాన్ పత్రిక డాన్. ఆ పని అక్కడి విలేకరులు చేయగలిగినప్పుడు ఇక్కడివాళ్లు ఎందుకు చేయలేరు?

‘విదేశీ పత్రికలైతే నమ్మొచ్చు’: ఇరాక్‌లో అణ్వాయుధాల తయారీకి ప్రయత్నం జరుగుతోందన్న కథనాన్ని 2002 సెప్టెంబర్‌లో మొదటి పేజీలో వేసింది న్యూయార్క్ టైమ్స్. తమ కథనాల్లో లోపాలున్నాయని 2004 మేలో ఒప్పుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది.

‘నష్టం గురించి అడిగితే దేశద్రోహం’: యుద్ధ విమానాలు కోల్పోయామని మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నది మన త్రిదళాధిపతి అనిల్ చౌహాన్. ఆరు కూల్చామన్న పాక్ మాట తప్పని కూడా ఆయనే చెప్పారు. సైన్యమే చెప్పగలిగిన నిజాన్ని మనం అడగడంలో తప్పేముంది?

ఇకముందు ఇలాంటి రాత్రి వస్తే కొన్ని పనులు చేయండి. టీవీలో సైరన్ మోగుతోందని వార్త నమ్మకండి. స్టూడియోల్లో సైరన్ శబ్దాలు వాడొద్దని 2025 మే 10న పౌర రక్షణ విభాగమే ఛానళ్లకు చెప్పాల్సి వచ్చింది. నిజంగా సైరన్ మోగినప్పుడు జనం పట్టించుకోకపోతే ప్రాణాలు పోతాయి. దాడి జరిగిందంటే ఎవరు చెప్పారో వెతకండి. పేరు లేకపోతే పొద్దున అధికారిక విలేకరుల సమావేశం దాకా ఆగండి. సైన్యానికి బిడ్డల్ని పంపే మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న రాష్ట్రాలు మనవి, పక్కింట్లో సరిహద్దుకు వెళ్లిన కొడుకు ఉండొచ్చు. నిర్ధారణ కాని కబురు ఆ ఇంటివాళ్ల వాట్సాప్‌కు పంపకండి.

తప్పుడు వార్త కంటపడితే ఛానల్ పేరు, తేదీ, సమయం రాసుకోండి, వీలైతే తెరను ఫొటో తీయండి. ఏడు రోజుల్లోపు ముందు ఆ ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా, ఆ ఛానల్ ఎన్‌బీడీఎస్ఏ అనే ప్రసార ప్రమాణాల సంస్థ పరిధిలో ఉంటే అక్కడికి వెళ్లవచ్చు.