లావైతే ఒకరికి చప్పట్లు, ఒకరికి చీవాట్లు ఎందుకు?

మా పటేల్‌గూడలో టీ కొట్టు దగ్గర కూర్చుంటే రెండు మాటలు వినపడతాయి. జిమ్ముకు పోయే పిలగాడు గెయినర్ పొడి డబ్బా పట్టుకుని పోతుంటే "బాడీ పెంచుతుండు" అంటారు. పెండ్లి కావాల్సిన అమ్మాయి కొంచెం ఒళ్లు చేస్తే "జర చూసుకో బిడ్డా" అంటారు. ఈ రోజు మాట్లాడేది కావాలని బరువు పెరగడం గురించే. పని కోసం, పేరు కోసం, డబ్బు కోసం తెలిసి తెలిసి లావు కావడం.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ సైజ్ జీరో. 2015 నవంబర్ 27న వచ్చింది, దర్శకుడు ప్రకాశ్ కోవెలమూడి. సౌందర్య అనే పాత్ర కోసం అనుష్క దాదాపు 20 కిలోలు పెరిగారని అప్పట్లో వార్తలు. మేకప్‌తో సరిపెట్టొచ్చు, కానీ ఆమె పెట్టలేదు. సినిమా అంతగా ఆడలేదు. ఆ తర్వాత, 2017లో బాహుబలి 2 వచ్చేదాకా, ఆమె మీద వచ్చిన వార్తల్లో చాలావాటికి ఒకటే ప్రశ్న: తగ్గిందా, లేదా? విచిత్రం ఏందంటే, ఆ సినిమా కథే తొందరగా సన్నబడేస్తామనే క్లినిక్‌ల మీద!

అదే బాహుబలి కోసం ప్రభాస్ బరువు పెరిగితే అంకితభావం అన్నాం. "అది కండ, ఇది కొవ్వు, రెండూ ఒకటెట్లయితయి?" అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. అయితే దంగల్ తీసుకోండి, 2016. ఆమిర్ ఖాన్ 97 కిలోల దాకా పెరిగారు. అది కొవ్వే, పొట్టే. ముందు లావు సీన్లు తీసి, తర్వాత తగ్గి కుర్రతనం సీన్లు చేశారు. ఆ తగ్గిన వీడియోను దేశమంతా చూసి మెచ్చుకుంది.

ఇంకా ముదిరిన కేసు అమెరికాది. నికోకాడో అవకాడో అనే యూట్యూబర్ కెమెరా ముందు గంపెడు తిండి తింటూ ఏళ్ల తరబడి లావెక్కారు. తిట్టడానికే చూసినవాళ్లు ఎంతమందో. 2024 సెప్టెంబర్‌లో 250 పౌండ్లు, అంటే 113 కిలోలు తగ్గి కనపడి, ఇదంతా ఒక ప్రయోగం అన్నారు. అంతే, తిట్టిన నోళ్లే శభాష్ అన్నాయి. తిన్న తిండి అదే, మనిషీ అతనే. అంటే నాకు అర్థమైంది ఇదీ: మగవాడై, చివరికి తగ్గి చూపిస్తే మనం క్షమిస్తాం.

ఒంటికి మాత్రం ఈ తేడాలు తెలియవు. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. 20 కిలోలకు లక్షన్నర దాటుతుంది. రోజూ 500 అదనంగా తిన్నా పది నెలలు పడుతుంది (ముతక లెక్కే అనుకోండి). తగ్గేటప్పుడు కొవ్వు కణాలు చిన్నవవుతాయి గానీ వాటి సంఖ్య పెద్దగా తగ్గదు. పైగా ఆకలి పెరుగుతుంది. అందుకే తగ్గినవాళ్లలో చాలామంది మళ్లీ పెరుగుతారు.

స్టార్‌కు పక్కనే ట్రైనర్, డైటీషియన్ ఉంటారు. పటాన్‌చెరులో నైట్ షిఫ్టు చేసొచ్చి గెయినర్ తాగే తమ్ముడికి డబ్బా మీద బొమ్మే దిక్కు. తమ్ముడూ, ఆ డబ్బా ఒకసారి వెనక్కి తిప్పి చదువు. చాలావాటిలో ప్రొటీన్ కన్నా పిండిపదార్థమే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకో, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గరే కదా. ఉంటానండీ.